చెరువులో నీరు – నీటిలో చేప

రెండు సంవత్సరముల క్రిందట, వర్షాకాలము ముగియుచున్న దినములలో, మేము పాతపట్నము ప్రాంతమునకు పనిమీద వెళ్ళితిమి. మహేంద్రతనయకు చేరువనున్న యొక గ్రామమున, తెల్లవారుసరికే చెరువుగట్టున జనము గుమిగూడియుండిరి. దగ్గరకు పోయి చూడగా నీటిమీద చేపలు తెల్లని పొట్టలు పైకి పెట్టి తేలుచుండెను. ముందటి దినము సాయంకాలమువరకు గంతులు వేసిన చేపలు ఒక్క రాత్రిలో చచ్చినవి.

ఆ చెరువు విస్తీర్ణము సుమారు రెండెకరములు. పంచాయతీవారు దానిని వేలము వేసి, వచ్చు సొమ్ముతో బడికి వెళ్ళు దారి బాగుచేయింపదలచిరి. పాడినవారు అప్పుచేసి పిల్లలను తెచ్చి వదలిరి. ఇప్పుడు ఆ సొమ్మును పోయినది, ఆ దారియు ఆగినది. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి పొంచియుండెను. “ఎదుటి వీధివారు రాత్రి విషము కలిపినారు” అను మాట ఒకరి నోట వెలువడి నిమిషములలో ఊరంతయు ప్రాకెను. కొందరు పోలీసు ఠాణాకు బయలుదేరుచుండిరి. మరికొందరు అంతవరకు కూడ ఆగునట్లు కనబడలేదు.

గట్టున కూర్చున్న ఒక వృద్ధ జాలరి మాత్రము నీరు దోసిట పట్టి వాసన చూచి, మావంక తిరిగి, “ఇసం కాదు బాబూ. ముందు నీరు సచ్చిపోనాది, తరవాత సేప సచ్చిపోనాది” అనెను. ఆ మాటయందు మత్స్యశాస్త్రమంతయు ఇమిడియున్నది. పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ఆ సంగతులనే ఈ పాఠమున వివరింపదలచితిమి.

నీటిలోని ఊపిరి

చేపయు మనవలెనే ఊపిరి పీల్చును. మనము గాలినుండి ప్రాణవాయువును గ్రహింతుము. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలద్వారా గ్రహించును. గాలిలో అయిదింట ఒకవంతు ప్రాణవాయువే. నీటిలో నున్నది బహు స్వల్పము. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో కరగి నిలువగలిగినది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కినకొలది ఈ స్వల్పము కూడ తగ్గును. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ ఉన్నచో బొచ్చె, శీలావతి వంటి చేపలు సుఖముగా పెరుగును. మూడు మిల్లీగ్రాములకు తగ్గినచో మేత మాని నీరసించును. ఒకటికి దిగినచో చచ్చును.

ఈ ప్రాణవాయువు నీటిలోనికి ఎచ్చటనుండి వచ్చును? కొంత గాలి తాకిడివలన వచ్చును. ఎక్కువ భాగము నీటికి పచ్చదనమిచ్చు సూక్ష్మమైన మొక్కలు పగటివేళ ఎండలో తయారుచేయును. కాని సూర్యుడు అస్తమింపగనే ఆ మొక్కలు ఇచ్చుట మాని, తామును పుచ్చుకొనసాగును. చేపలు, క్రిములు, అడుగున కుళ్ళుచున్న ఆకులు, పేడ, తినక మిగిలిన మేత, అన్నియు రాత్రియంతయు అదే నిల్వనుండి వాడుకొనును. కావున నీటిలోని ప్రాణవాయువు మధ్యాహ్నానంతరము అధికముగను, తెల్లవారుజామున అత్యల్పముగను ఉండును. ఇది ధాన్యపు గాదెవంటిది. పగలు నింపుదుము, రాత్రి తిందుము. పగలు నింపినది తక్కువై, రాత్రి తినువారు ఎక్కువైనచో తెల్లవారుసరికి గాదె అడుగు కనబడును.

పై గ్రామమున జరిగినది ఇదియే. రెండెకరముల చెరువులో పన్నెండువేల పిల్లలను వదలిరి. చేపలు త్వరగా పెరుగునని తవుడును, పేడయు గంపలకొలది పోసిరి. నీరు చిక్కని ఆకుపచ్చగా మారినది. అది బలమని వారు సంతోషించిరి. అంతలో మూడు దినములు మబ్బు విడువలేదు, గాలియు కదలలేదు. గాదె నిండలేదు. మూడవరాత్రి చివర అది ఖాళీ అయినది. విషము పోసినవారెవరును లేరు.

విషమా? ఊపిరియా?

చేపలు చచ్చిన ప్రతి పర్యాయము ఊరిలో ఈ ప్రశ్న పుట్టును. దీనికి తొందరపడి సమాధానము చెప్పినవారు ఊరి సామరస్యమును చెరుపుదురు. పంచాయతీ సభ్యులు గమనింపవలసిన గుర్తులు ఇవి.

ఊపిరి చాలక చచ్చు చేపలు సాధారణముగా తెల్లవారుజామున చచ్చును. అందును పెద్దచేపలు ముందు చచ్చును. చావనివి నీటిపైకి వచ్చి నోరు తెరచి గాలి మ్రింగుచుండును; కొత్తనీరు వచ్చు తూమువద్ద గుంపుగూడును; ఎండ ఎక్కిన పిదప తేరుకొని లోనికి పోవును. కప్పలు మున్నగునవి యథాప్రకారము తిరుగుచుండును. నీటి రంగు గోధుమవన్నెకు గాని బూడిదవన్నెకు గాని మారి దుర్వాసన వేయుటయు కలదు.

విషమువలన చావు పగలు గాని రాత్రి గాని ఏవేళనైనను కలుగును. తరచుగా చిన్నచేపలే ముందు చచ్చును. వానితోపాటు కప్పలు, నీటిపురుగులు కూడ చచ్చును. బ్రతికిన చేపలు పిచ్చిగా తిరుగుటయు, వంకరలు పోవుటయు కలదు.

ఈ గుర్తులు చూచిన పిమ్మటను సందేహము మిగిలినచో, వెంటనే శుభ్రమైన సీసాను నీటిలో ముంచి, గాలి మిగులకుండ నింపి, మూతబిగించి, మంచులో ఉంచి మత్స్యశాఖ ఉద్యోగికి అందజేయవలెను. సందేహము తీరువరకు ఆ చేపలను ఎవరును తినరాదు. పశువులను ఆ నీటికి తోలరాదు. పరీక్ష ముందు, ఆరోపణ వెనుక అను నియమమును సభ్యులు పాటించినచో అనేక కలహములు పుట్టకయే పోవును.

విషమనగా ఎవరో పగబట్టి పోసినదే కానక్కరలేదు. పురుగుమందు చల్లిన యంత్రమును, ఖాళీ డబ్బాలను చెరువులో కడుగుట అనేక గ్రామములందు అలవాటు. నేడు వాడుకలోనున్న సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందులు మనుష్యునికంటె చేపకు ఎన్నోరెట్లు ప్రమాదకరము. కావున చెరువులో ఈ పనిని నిషేధించి, యంత్రములు కడుగుకొనుటకు చెరువునకును, త్రాగునీటి బావులకును దూరముగా వేరొక చోటు చూపుట పంచాయతీ బాధ్యత.

గాజుపెట్టె నేర్పు పాఠము

పట్టణములలో కొందరు సముద్రపు నీటిని గాజుపెట్టెలో నింపి, అందు పగడపు జీవులను, రంగురంగుల సముద్రపు చేపలను పెంచుదురు. చూచుటకది విలాసము. కాని దానిని నిలుపుకొనువారి క్రమశిక్షణ మన చెరువులకు మేలైన పాఠము. వారు పెట్టె కొన్న దినముననే చేపలను వేయరు. ముందు నీటిని, రాళ్ళను అమర్చి నాలుగు మొదలు ఆరు వారములు వేచియుందురు. ఎందులకు? చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా అను విషపదార్థము పుట్టును. కంటికి కనబడని మేలుచేయు సూక్ష్మజీవులు దానిని ముందు నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. ఆ సూక్ష్మజీవులు తగినంత వృద్ధిపొందువరకు చేపను వేసినచో అది తన మలినముతో తానే చచ్చును. పిదపనైనను ఒకటి రెండుగా చేపలను చేర్చుచు, నీటిని పరీక్షించుచు పోవుదురు.

మన చెరువులోను ఇదే పని జరుగుచున్నది. అడుగుమట్టిలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చుచున్నవి. మారిన దానిని పచ్చని మొక్కలు ఎరువుగా తినుచున్నవి. మొక్కలను చేపలు తినుచున్నవి. ఈ చక్రము తిరుగుటకు కాలము కావలెను, ప్రాణవాయువు కావలెను. మేతయు, పేడయు, చేపలును హఠాత్తుగా ఎక్కువైనచో చక్రము ఆగును. మరియొక సంగతి కలదు. నీరు ఎంత చిన్నదైన అంత త్వరగా చెడును. పెద్ద చెరువులో పదిదినములకు వచ్చు మార్పు చిన్న బందలో ఒక్క రాత్రికి వచ్చును. కావున చిన్న జలాశయమున పెంపకము సులభమను తలంపు పొరపాటు. అచ్చటనే జాగ్రత్త రెట్టింపు కావలెను.

చేయి ముంచి చూచు పరీక్ష

నీటి పరీక్షకు యంత్రములు లేవని సభ్యులు నిరాశపడనక్కరలేదు. ఎండ కాయుచున్న ఉదయము తొమ్మిది, పది గంటల వేళ చెరువులో మోకాలిలోతున నిలిచి, అరచేతిని వెల్లకిల పెట్టి చేయిని నిలువుగా నీటిలో దింపవలెను. జానెడు లోతుకు మించి, మూరెడు లోపల అరచేయి కనుమరుగైనచో నీటిలో చేపల ఆహారము తగినంత కలదు. జానెడు లోపలనే కనుమరుగైనచో పచ్చదనము మితిమీరినది. పేడయు, మేతయు వెంటనే ఆపవలెను. మూరెడు దాటియు అరచేయి కనబడుచున్నచో ఆహారము చాలదు. కొలది కొలదిగా మాగిన పేడను వేయవచ్చును. బురదనీటికి ఈ లెక్క పనికిరాదు. ఎఱ్ఱనీరు తేరువరకు ఆగవలెను.

రెండవ పరీక్ష నీటి ఆమ్ల క్షార గుణమునకు సంబంధించినది. దీనినే పీహెచ్ అందురు. రంగుమారు కాగితముతో ఎవరైనను చూడవచ్చును. అది ఏడున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు ఉండుట మంచిది. తక్కువైనచో సున్నము వేయవలెను. సాధారణముగా పిల్లలను వదలుటకు ముందు ఎకరమునకు 100 కిలోల సున్నము చాలును. సున్నము ఆమ్లగుణమును విరుచును, అడుగు కుళ్ళును హరించును, రోగములను తగ్గించును. చేపలున్న నీటిలో కాలుచున్న సున్నమును వేయరాదు. తొట్టిలో తడిపి, చల్లార్చి, పలుచగా కలిపి చల్లవలెను.

పిల్లలను వదలుటకు ముందు

వేసవిలో నీరు అడుగంటినపుడు గుర్రపుడెక్కను, తూటికాడను వేళ్ళతో తీయింపవలెను. పూడిక తీసి పొలములకు తోలినచో చెరువునకు లోతును, పొలమునకు సత్తువయు కలుగును. తూములకు, నీరు పొర్లిపోవు చోటులకు సన్నని వల బిగింపవలెను.

కొరమీను, వాలుగ, మార్పు వంటివి చిన్నపిల్లలను మ్రింగును. అంగుళము పొడవుగల పిల్లలను ఇట్టి చెరువులో పోసినచో అది కొరమీనులకు విందు చేసినట్లే యగును. వీనిని తొలగించుటకు వలలు త్రిప్పుటయే మొదటి మార్గము. చెరువు పూర్తిగా ఎండనిచో, శ్రీకాకుళము మన్యమున సులభముగా దొరకు ఇప్పపిండి రెండవ మార్గము. ఎకరము నీటిలో మీటరు లోతునకు సుమారు 1,000 కిలోల ఇప్పపిండి కావలెను. అరయెకరము వెడల్పున అరమీటరు లోతు మాత్రమే నీరు మిగిలియున్నచో 250 కిలోలు చాలును. అందుచేతనే ఈ పనిని నీరు బాగుగా తగ్గినపుడు చేయుట లాభము. దీని విషము మూడు వారములలో విరిగి, పిదప అదే ఎరువుగా మారును. ఆ మూడు వారములు పశువులను, మనుష్యులను ఆ నీటికి రానీయరాదు. ముందుగా దండోరా వేయించవలెను. త్రాగునీటికి వాడు చెరువులో ఈ పని ఎన్నడును చేయరాదు.

ఎన్ని? ఏవి?

ఒకప్పుడు బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు పిల్లలకొరకు వరదనదులను ఆశ్రయింపవలసియుండెను. నిలువనీటిలో అవి గ్రుడ్లు పెట్టవు. మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10వ తేదీన డాక్టరు హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమే నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపబడుచున్నది. నేడు విత్తనోత్పత్తి కేంద్రములనుండి కోరినన్ని పిల్లలు లభించుచున్నవి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమున ప్రథమస్థానమున నిలుచుటకు ఈ శోధనయే పునాది.

కాని కోరినన్ని లభించుట వేరు, కోరినన్ని వదలుట వేరు. మేత, ఎరువు, పర్యవేక్షణ సక్రమముగా నున్న చెరువులో ఎకరమునకు సుమారు 2,000 పిల్లలు చాలును. పశువులు త్రాగుచు, బట్టలు ఉతుకుచు, పొలములకు నీరు పోవుచుండు ఊరుమ్మడి చెరువున వేయి చాలును. పిల్లలు నాలుగంగుళములకు తక్కువ కాకుండుట మేలు. చిన్నపిల్లలు చౌకగా వచ్చునని కొనుట కంటె, వానిని ప్రక్క గుంటలో పెంచి పెద్దచేసి చెరువులో వదలుట వివేకము.

జాతుల పొత్తును గమనింపవలెను. బొచ్చె నీటి పైభాగమున, శీలావతి నడుమ, ఎఱ్ఱమోసు అడుగున మేయును. ఒకే వీధిలో మూడంతస్తుల ఇంట మూడు కాపురములున్నట్లు ఇవి ఒకదానికొకటి అడ్డురాక పెరుగును. నూటికి 40 బొచ్చె, 30 శీలావతి, 30 ఎఱ్ఱమోసు ఉండుట వాడుక. నీటిలోపల నాచు ఎక్కువైనచో కొన్ని గడ్డిచేపలను చేర్పవచ్చును. ఆఫ్రికా జాతి మార్పుచేపను ఎవరెంత ఆశచూపినను వదలరాదు. అది తక్కిన చేపలను నాశనముచేయును. భారత ప్రభుత్వము 2000 సంవత్సరముననే దాని పెంపకమును నిషేధించినది.

పిల్లలను చల్లనివేళ తేవలెను. ప్లాస్టిక్ సంచిని విప్పకుండ చెరువునీటిపై పావుగంట, ఇరువది నిమిషములు తేల్చి, లోపలి వేడిని బయటి వేడితో సమము కానీయవలెను. పిదప సంచిలోనికి చెరువునీరు కొంచెము కొంచెముగా చేర్చి, సంచిని వంచి పట్టినచో పిల్లలు తామే ఈదిపోవును. ఎత్తునుండి కుమ్మరించుట తగదు. కొత్తనీటికి అలవాటుపడని పిల్ల ఆ దినము చావకున్నను వారములోపల చచ్చును. అడుగున పడుటచే ఎవరికిని తెలియదు.

నీరు తగ్గునపుడు

వానలతో నిండి వేసవికి ఎండు చెరువులే మన ప్రాంతమున ఎక్కువ. ఆగస్టులో వదలిన చేపలు ఫిబ్రవరి నాటికి పెద్దవగును. అదేసమయమున నీరు సగమగును. నీరు సగమైనచో చేపలు రెట్టింపైనట్లే. కావున పెద్దవానిని ఎప్పటికప్పుడు పట్టి అమ్మి, మిగిలినవానికి చోటు కల్పింపవలెను. అన్నియు ఒకే దినము పట్టి ఎక్కువ సొమ్ము చేసికొందమని నీరు అడుగంటువరకు ఆగినవారు ఎండకు నష్టపోవుదురు. నీటిలో చేపను బేరమాడుట మంచిది కాదని పెద్దలు చెప్పినది ఇందులకే.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో, అది ప్రమాద ఘంటిక. వెంటనే మేతయు, పేడయు ఆపవలెను. కాలువనీరున్నచో విడువవలెను. లేనిచో పంపుతో చెరువునీటినే తోడి, ఎత్తునుండి తిరిగి చెరువులోనే జల్లుగా పడునట్లు చేయవలెను. పంపు లేనిచోట నాటుపడవ త్రిప్పియు, వెదురుగడలతో నీటిని కొట్టియు కలచవలెను. ఎండ బాగుగా ఎక్కువరకు ఈ పని మానరాదు. పిదప కొన్ని చేపలను పట్టి సంఖ్య తగ్గింపవలెను.

పంచాయతీ చేయదగినది

1992 సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ అయిదవ అంశము. అనగా ఇది పాడినవాని సొంత వ్యవహారము మాత్రమే కాదు, గ్రామపాలనలో భాగము. ఊరుమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత మన చెరువులకు వర్తింపకుండ చూచుట సభ్యుల చేతిలోనున్నది. వేలము వేయునపుడు ఎక్కువ పాట ఒక్కటియే చూచినచో, పాడినవాడు ఆ సొమ్ము రాబట్టుటకు ఎక్కువ పిల్లలు వదలుట సహజము. అందుచేత సభలో ఈ క్రింది నిర్ణయములు చేసికొనుట మంచిది.

1. చెరువు నీటి విస్తీర్ణమును కొలిపించి, వదలదగిన పిల్లల సంఖ్యను వేలపు షరతులలో వ్రాయవలెను. పిల్లలను వదలునపుడు ఇద్దరు సభ్యులు లెక్కకు నిలువవలెను.

2. త్రాగునీటి చెరువులో పేడ, మేత, మందులు వేయుటకు అనుమతి ఈయరాదు.

3. పశువులకొక రేవు, చాకిరేవు వేరుగా ఏర్పరచి, పురుగుమందు యంత్రములు కడుగుట మానిపింపవలెను.

4. పొలములకు నీరు విడుచుటకును, చేపలకు నీరు మిగుల్చుటకును కనీసపు మట్టమును రైతులు, జాలరులు కలసి కూర్చుండి నిర్ణయించి, రాతిమీద గుర్తుపెట్టవలెను.

5. వారమునకొకసారి అరచేతి పరీక్షచేసి తేదీతో పుస్తకమున వ్రాయించవలెను. ఈ పనిని బడిపిల్లలకు అప్పగించినచో వారికి చదువు, ఊరికి లాభము.

6. చేపలు చచ్చినపుడు ఎవరిని పిలువవలెనో, సీసా ఎవరు నింపవలెనో ముందుగానే నిర్ణయించవలెను.

ఇక ఆ గ్రామము సంగతి. ఆనాడు సర్పంచి, ఆ వృద్ధ జాలరిని ఇరువీధుల పెద్దల నడుమ కూర్చుండబెట్టి, బ్రతికిన చేపలు తూమువద్ద నోరు తెరచుచుండుటను, ఎండ ఎక్కగనే అవి లోనికి పోవుటను అందరి కన్నులకు చూపించెను. కప్పలు గట్టున యథాప్రకారము గంతులు వేయుచుండెను. ఠాణాకు బయలుదేరినవారు చెప్పులు విడిచి చచ్చిన చేపలను ఏరి పూడ్చుటకు దిగిరి. ఎదుటి వీధివారును దిగిరి.

మరుసటి సంవత్సరము మేము మరల వెళ్ళినపుడు ఆ చెరువులో రెండువేల పిల్లలు మాత్రమే ఉన్నవని చెప్పిరి. గట్టున చిన్నబాలిక యొకతె మోచేతివరకు చేయి ముంచి, “కనబడుట లేదు, ఇంక మేత వద్దు” అని ఎవరికో కేకవేయుచుండెను. దారి పని ఇంకను సగములోనే యున్నది. కాని ఆ యేడు బొచ్చెలు పర్లాకిమిడి సంతకు పోయినవి. ఆ వృద్ధుడు మమ్ము గుర్తించి, నీటివంక చేయిచూపి, “బతికున్నాది బాబూ” అనెను. ఆయన చెప్పినది చేపను గురించి కాదు, నీటిని గురించి.